ప్లేటో గారూ, కారు అద్దమూ

మన కాలేజీ బ్యాచ్ సంచికకి ఏదో ఒకటి రాసివ్వమని సీఆర్, అదే మన క్లాస్ రిప్రజెంటేటివ్, ఫోన్ల మీద ఫోన్లు. అటెండెన్స్ తీసే ఆ గొంతు ఇప్పటికీ మారలేదు. మెస్ బకాయిల గొడవ, అరకు టూరు, మన పొడుగుగాడు రాసిన ప్రేమలేఖ, ఇవన్నీ మన జెర్రిగాడు ఎలాగూ రాస్తాడు, నాకంటే బాగా రాస్తాడు. నాకు కాలేజీ అంటే సెమినార్ హాల్లో ఒక శనివారం సాయంత్రం. మిగతావి ఎటు పోయాయో తెలీదు. రెండో సంవత్సరం అసలు జరిగిందా?

మనం ప్లేటో అని పిలుచుకున్న మాస్టారు అక్కడ సినిమాలు వేసేవారు. సగం మందిమి ఏసీ కోసమే వెళ్ళేవాళ్ళం. ఆ రోజు ప్లేటో గారు వేసింది ఇటలీ దర్శకుడు బెర్టొలూచి 1970లో తీసిన ‘ది కన్ఫర్మిస్ట్’. "ఫైటింగులున్నాయా సార్" అని పొడుగు అడిగితే, "ఒకటుంది, అందులో హీరో కారు దిగడు" అన్నారాయన.

ఆ హీరో పేరు క్లెరిచి. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఇటలీని ఏలుతున్న ఫాసిస్టు నియంత ముస్సోలినీ మీద పెద్ద భక్తి కూడా కనపడదు. చిన్నప్పటి ఒక సంఘటన తర్వాత, తాను అందరిలాంటివాణ్ణి కాదేమోనని భయం పట్టుకుంది. అందుకని అందరిలా పెళ్ళి, అందరిలా ఫాసిస్టు పార్టీలో చేరడం. హనీమూన్ పేరుతో పారిస్ వెళ్తూ, ఫాసిస్టులకి ఎదురు తిరిగి అక్కడ తలదాచుకున్న తన పాత ప్రొఫెసర్‌ని చంపించే పని నెత్తినేసుకుంటాడు. మంచు పడ్డ అడవిలో ప్రొఫెసర్‌ని కత్తులతో పొడిచేస్తారు. ఆయన భార్య, క్లెరిచి మనసుపడ్డ మనిషి, పరిగెత్తుకొచ్చి అతని కారు అద్దం బాదుతుంది. లోపల క్లెరిచి కదలడు.

ప్లేటో గారు అక్కడ పాజ్ కొట్టారు. "మీలో ఎంతమంది తలుపు తీస్తారు?" హాల్లో చేతులన్నీ లేచాయి. ఆయన ముందు వరసకొచ్చి ఒక్కొక్కరినీ అడిగారు: "నువ్వు నీ అంతట ఎత్తావా, పక్కవాడు ఎత్తాక ఎత్తావా?" మన హార్మోనియం అయితే సగం దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించాడు. చెయ్యెత్తనిది జెర్రి ఒక్కడే. నిద్రపోతున్నాడు. "ఈ హాల్లో స్వతంత్రుడు వీడొక్కడే" అన్నారు. ఆ బిరుదు వాడికి ఫేర్‌వెల్ దాకా అంటుకుంది.

తర్వాత సినిమా వదిలేసి ఇటలీ చెప్పుకుంటూ పోయారు. ఈ కథ నవలగా రాసిన మొరావియా మేనత్త కొడుకులు, ముస్సోలినీని ఎదిరించిన రోసెల్లీ సోదరులిద్దరినీ 1937లో ఫ్రాన్స్‌లో నిజంగానే రోడ్డు మీద చంపారట. అంతకుముందు, 1931లో, యూనివర్సిటీ ప్రొఫెసర్లంతా ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చెయ్యాలన్నారు. 1,200 మంది పైచిలుకు ఉంటే, ప్రమాణం చెయ్యం అని ఎదురు తిరిగినవాళ్ళు పట్టుమని 20 మంది లేరు. "మిగతావాళ్ళందరూ ఫాసిస్టులేం కాదురా, చాలామంది ఇంటద్దె కట్టాల్సినవాళ్ళు" అన్నారు. ఆయనకీ ఇంటద్దె ఉంటుందని అప్పుడు మనకెవరికీ తట్టలేదు.

చివరి భాగం మెస్ గంట కొట్టాక చూశాం, నలుగురైదుగురం. 1943 జూలైలో ముస్సోలినీ పడిపోయిన రాత్రి, క్లెరిచి వీధిలో నిలబడి గుడ్డివాడైన తన స్నేహితుణ్ణే చూపించి "వీడు ఫాసిస్టు" అని అరుస్తాడు. గాలి మారగానే కొత్త గుంపులో అందరికంటే గట్టిగా అరిచింది వాడే. నాకు కారు సీన్ కంటే ఇదే ఎక్కువ భయం.

ఆ రాత్రి ఇంకొకటి పట్టుకుంది నన్ను. ఈ సినిమా కెమెరామన్ వితోరియో స్తొరారో లైటింగ్. పారిస్‌లో ఆ నీలం, గదిలో బ్లైండ్స్ చారలు. ఇంజినీరింగ్ చదివి ఇప్పుడు సినిమాలకి రంగులు సరిచేసే కలరిస్టుగా బతుకుతున్నానంటే కారణం అదే. మీరు చూసిన సినిమాలు కొన్నిటికి నా పేరు పడుతుంది, హాల్లో లైట్లు వేశాక. సొంత స్టూడియో పెట్టాను, చిన్నదే, ఈఎంఐలు అయిపోయాయి.

కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటి వారంలోనే ఈ సినిమా వేస్తాను. రంగులు చూడమంటాను. అద్దం సీన్ దగ్గరికొచ్చేసరికి అందరూ ఫోన్లు పక్కన పెట్టేస్తారు. చేతులెత్తమని మాత్రం అడగను. జీతాలిచ్చేది నేనే కదా, ఎత్తకుండా ఉంటారా?