కొంచెం జిప్, అంతే

నైట్ డ్యూటీ ముగియడానికి ఇంకా గంటన్నర ఉందనగా ముసలివాళ్లని చూసుకునే మా కేర్ హోమ్‌లో నర్సు నా చేతిలోంచి ట్యాబ్ తీసుకుని, నేను రాసిందే నాకు చదివి వినిపించింది. "రాత్రి 2:10. మెలకువగా ఉన్నారు. మంచినీళ్లు ఇచ్చాను. నో కంప్లైంట్స్."

"ఆ పెద్దాయన నీతో ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పు" అంది.

చెప్పాను. "మీ గట్స్ ఆర్ గివింగ్ మీ ఎ బిట్ ఆఫ్ జిప్, డక్. మస్ట్ నాట్ గ్రంబుల్."

"చూశావా, ఆయన చెప్పాడు. నువ్వు వినలేదు."

ఆయన్ని తీసుకుని అంబులెన్స్ వెళ్లి అప్పటికి పది నిమిషాలైంది. పిత్తాశయంలో రాళ్లు, ఇన్ఫెక్షన్ అని మధ్యాహ్నానికి తెలిసింది. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఆ మాట వినేదాకా నేను నిద్రపోలేదు.

ఇది నాటింగ్‌హామ్. ఇక్కడ ముసలివాళ్లు ఆడామగా తేడా లేకుండా అందరినీ డక్ అనే పిలుస్తారు, మనం బిడ్డా అన్నట్టు. ఆ పిలుపు మొదటి వారంలోనే అలవాటైంది. జిప్ అలవాటు కాలేదు. వీసా కోసం రాసిన ఇంగ్లీషు పరీక్షలో స్టమక్ ఏక్, అబ్డామినల్ పెయిన్, క్రాంప్స్ అన్నీ చదివాను. జిప్ ఎక్కడా రాలేదు. 'మీ గట్స్' అంటే నా కడుపు, 'జిప్ ఇస్తోంది' అంటే నొప్పి పెడుతోందని అట.

కానీ తప్పంతా ఆ మాట మీదికి నెట్టేస్తే అబద్ధమవుతుంది. నన్ను పక్కదారి పట్టించింది ఆ రెండో ముక్క. గ్రంబుల్ నాకు తెలుసు, సణగడం. సణగకూడదు అన్నాడు కాబట్టి ఫిర్యాదేమీ లేదని రాశాను. కరీంనగర్‌లో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివినప్పుడు కేస్ షీట్ మీద మేం మొట్టమొదట రాసేది 'చీఫ్ కంప్లైంట్స్'. దాని కిందే 'పెయిన్ అబ్డామెన్, మూడు రోజుల నుంచి' అని. అంటే వైద్యం పుస్తకంలో నొప్పికి పేరే కంప్లైంట్. మూడేళ్లు చేత్తో రాసిన మాట. మరి ఆ రాత్రి నాకెందుకు తట్టలేదు?

ఎందుకంటే ఆ మాట నాకు అప్పటికే వేరే రకంగా తగిలి ఉంది. అంతకు రెండు నెలల ముందు, వరసగా ఆరు నైట్లు వేశారని రోటా, అంటే డ్యూటీల పట్టిక, గురించి అడిగాను. పెద్దగా కూడా కాదు, టీ కప్పు చేతిలో పట్టుకుని అడిగాను. "బెల్లీఏకింగ్ ఆపు" అన్నారు. గదిలోకి వెళ్లి ఫోన్లో అర్థం వెతికాను. కడుపునొప్పి అని ఒకటి, అస్తమానం సణుగుతూ ఉండటం అని ఒకటి. ఒకే మాట. తర్వాత చూస్తే గ్రైప్ కూడా అంతే. అసలు అర్థం గట్టిగా పట్టుకోవడం. మనం కడుపు పట్టేసింది అంటామే, అది. అదే మాట సణుగుడికీ పనికొస్తుంది. గ్రంబుల్ కూడా అంతే. కడుపులో గుడగుడకీ అదే, మనిషి గొణుగుడుకీ అదే. అప్పుడప్పుడూ నొప్పి పెట్టి తగ్గిపోయే అపెండిక్స్‌ని ఇక్కడ గ్రంబ్లింగ్ అపెండిక్స్ అంటారు.

గ్రైప్ వాటర్ తాగని పిల్లలు మా గోదావరిఖని కాలనీలో ఒక్కరు లేరు. మేం గ్రేప్ వాటర్ అనేవాళ్లం, ద్రాక్షపళ్ల మందని నా నమ్మకం. 1851లో విలియం వుడ్‌వర్డ్ దాన్ని తయారు చేసింది ఈ నాటింగ్‌హామ్‌లోనే అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మా అవ్వ నా నోట్లో పోసిన మందు పుట్టిన ఊళ్లో, ఒక ముసలాయన కడుపు పట్టేసిందని చెబితే పట్టించుకోలేకపోయాను. ఇది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

తెలుగులో అయితే ఇలా జరగదని మనసులో వాదించుకున్నాను. మనకి నొప్పి వేరు, నస వేరు. మెలిపెడుతోంది, పొడుస్తోంది, సలుపుతోంది, కోస్తోంది, తిప్పుతోంది, దేవుతోంది. ఒక్కో మాటకీ ఒక్కో నొప్పి. వింటేనే డాక్టరుకి సగం తెలిసిపోతుంది. పైగా నొప్పొస్తే మనం అమ్మా అని అరుస్తాం, ఎవరూ సిగ్గుపడమనరు. ఇక్కడ పదిలో ఎంత అని అడిగితే, మంచం పట్టీ గట్టిగా పట్టుకుని కూడా మూడు అంటారు.

ఆ వాదన రెండు రోజులే నిలిచింది.

ఆ పెద్దాయన గని కార్మికుడు. పదిహేనో ఏట బొగ్గుబావిలోకి దిగాడు. ఈ జిల్లాలో ఆఖరి గని థోర్స్‌బీ 2015లో మూతపడింది. ఆ వార్త కాగితం ఇప్పటికీ ఆయన సొరుగులో ఉంది. చిన్నప్పుడు ఏడిస్తే వాళ్లమ్మ "మార్డీగా ఉండకు" అనేదట. మార్డీ అంటే ముక్కుతూ మూలుగుతూ ఉండే పిల్లవాడు, ఈ ప్రాంతపు మాట. మా బాపుది సింగరేణి అని చెప్పిన రోజు ఆయన నా చేతులు చూశాడు, వాటి మీద బొగ్గు మరకలు వెతుకుతున్నట్టు.

బాపు ముప్పై ఏళ్లు బాయికి పోయాడు. కడుపులో అల్సర్ పెట్టుకునే పనికి పోయాడని మాకు తెలిసింది రక్తం పడ్డాకే. అంతకుముందు ఎప్పుడడిగినా "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న." మస్టర్లు, అంటే పని హాజరు, పోతాయని. అవ్వ ఎప్పుడైనా వాళ్ల కష్టం బయట చెప్పబోతే ఆపి, "కడుపు చించుకుంటే కాళ్లమీద పడ్తది" అనేవాడు. ఆ సామెతని ఎన్నిసార్లు విన్నానో. కడుపునీ ఫిర్యాదునీ ఇంగ్లీషువాళ్లు ఒకే మాటలో కట్టిపడేశారని నేను తప్పుపడుతున్నాను, మనం ఒకే సామెతలో కట్టేశాం. తప్పులుంటే కడుపులో పెట్టుకోండి అని పెళ్లిలో వియ్యాలవారికి దండం పెట్టేదీ మనమే.

నేను మాత్రం ఏం చేశాను? బెల్లీఏకింగ్ అన్నాక రోటా గురించి మళ్లీ ఎత్తలేదు. నా వీసా ఈ ఉద్యోగానికి ముడిపడి ఉంది. స్పాన్సర్‌షిప్ పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులు. నడుము నొప్పి ఎలా ఉందని ఎవరైనా అడిగితే "నాట్ టూ బ్యాడ్" అంటున్నాను. ఈ మాట నాకు ఎవరూ నేర్పలేదు.

పెద్దాయన పదకొండో రోజున తిరిగొచ్చాడు. ఆ రాత్రి టీ ఇస్తూ నొప్పి ఉందా అని అడగలేదు. "ఎక్కడ జిప్ ఇస్తోంది, వేలితో చూపించు" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. కుడివైపు పక్కటెముకల కింద వేలు పెట్టాడు. "రాత్రిళ్లు, పడుకున్నప్పుడు" అన్నాడు. ఆ మాటల్ని ఆయన అన్నవి అన్నట్టే రాశాను.

పొద్దున 8 గంటలకి బస్సులో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం దాటింది.

"బువ్వ తిన్నవా బాపు?"

"తిన్న బిడ్డా. మంచిగనే ఉన్న."

ఎప్పుడూ ఇక్కడితో వదిలేసేదాన్ని.

"ఎంత తిన్నవ్?"

కాసేపు మాట లేదు. "పొద్దటి సంది సయిస్తలేదు. రెండు ముద్దలు తిన్న."

"నిన్న?"

"నిన్న గూడ గంతే."

ఫోన్ పెట్టేసి తమ్ముడికి చేశాను. రేపు కాదు, ఇవ్వాళే తీసుకుపొమ్మన్నాను.