ఇల్లు కొనాలా వద్దా: ప్రార్థనా లెక్కా కలిసి నడిచిన మూడు నెలలు

ఇంటి లోను మంజూరు కాగానే విశ్వాసుల ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "దేవుడు ద్వారం తెరిచాడు." నేను మూడు నెలలు కూర్చుని పరీక్షించింది ఆ మాటనే. బ్యాంకు ఒప్పుకుందంటే, తన వాయిదా తనకు తిరిగొస్తుందని దానికి నమ్మకం కుదిరిందని మాత్రమే అర్థం. మన దశమభాగం (ఆదాయంలో దేవునికిచ్చే పదో వంతు), ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు దాని లెక్కలోకి రావు. అవి కలిపి చూసుకోవాల్సింది మనమే.

మొదట ప్రశ్నను నోట్‌బుక్‌లో ఒక్క వాక్యంగా రాసి తేదీ వేశాను. "ప్రభువా, మాకు ఇల్లు కావాలా?" అని అడిగితే ఏ సంఘటననైనా జవాబుగా తీసుకోవచ్చు. అందుకే "50 లక్షల ఈ ఫ్లాట్‌ను, 30 లక్షల అప్పుతో, ఈ ఏడాదే కొనాలా?" అని రాశాను. ప్రశ్నలో ధర, అప్పు, సమయం మూడూ ఉంటేనే ప్రార్థన ఊహల్లోకి జారిపోదు.

వాక్యం విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను. బైబిలు ఎక్కడో తెరిచి వేలు పెట్టడం లేదు, అధ్యాయం మొత్తం చదవడమే. సామెతలు 31 అధ్యాయాలు, రోజుకొకటి చదివితే నెలలో అయిపోతాయి. అప్పు, పూచీకత్తు, తొందరపాటు గురించిన వచనాలు పక్కన రాసుకున్నాను. డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకున్న, కొత్త ఏడాదికి ఒక వచనం రాసి ఉండే వాగ్దాన కార్డును ఈ నిర్ణయానికి వాడలేదు. మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 కార్డు ఎన్నో ఇళ్లలో గోడ మీద ఉంటుంది. ఆ మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది, 70 ఏళ్ల తర్వాత జరగబోయేదాని గురించి చెప్పింది. అది నా ధైర్యానికి ఆధారమే, కానీ ఫలానా ఫ్లాట్‌కు అనుమతి పత్రం కాదు. గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి సూచన అడగడం కూడా అంతే. దేవుడు ఏం చేయమన్నాడో అతనికి ముందే తెలుసు, బొచ్చు పరిచింది సందేహం తీరక.

అసలు పని లెక్కలో ఉంది. లూకా 14:28లో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడు. ప్రభువు అక్కడ మాట్లాడుతున్నది శిష్యత్వం గురించే. కానీ ఆ పోలిక నిలబడిందే, బుద్ధి ఉన్నవాడెవడైనా లెక్క చూసుకుంటాడన్న సత్యం మీద.

30 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఈఎంఐ 26,992 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 64.78 లక్షలు. వడ్డీ మారే లోను కాబట్టి మొదట్లోనే 10 శాతానికి పెరిగితే ఏమవుతుందో కూడా వేశాను. ఈఎంఐ పెంచితే 28,951. పెంచకుండా గడువు పొడిగిస్తే 240 నెలలు దాదాపు 314 అవుతాయి, అంటే ఆరేళ్లు అదనం. బ్యాంకులు చాలాసార్లు ఈ రెండో దారే పడతాయి. వాయిదా మారదు కాబట్టి మనం గమనించం.

చేతిలో ఉన్నది 24 లక్షలు. 20 లక్షలు కట్టగలమన్న ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి మా దగ్గర 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. మిగిలేది 25 వేలు. వుడ్‌వర్క్, సామాన్ల తరలింపు ఇంకా మొదలే కాలేదు. పర్సనల్ లోను అనే రెండో అప్పు ఇంట్లోకి వచ్చేది సరిగ్గా ఇక్కడే.

నెల లెక్క ఇది. చేతికొచ్చే జీతం 75,000. ఈఎంఐ, మెయింటెనెన్స్ కలిపి 29,500. దశమభాగం 7,500, అమ్మానాన్నలకు 8,000, స్కూలు ఫీజు సగటున 9,000, ఇన్సూరెన్సు 2,000, సరుకులు, పాలు, కరెంటు, పెట్రోలు 18,000. మిగిలేది వెయ్యి.

కాగితం మీద సరిపోయినట్టే ఉంది కాబట్టి బతికి చూశాం. అద్దె 14,000 పోగా, కొత్త ఖర్చుకు తక్కువయ్యే 15,500ను నెల మొదట్లోనే వేరే ఖాతాలో వేసి, అది లేనట్టే నడిపాం. మొదటి నెల గడిచింది. రెండో నెల ఒక పెళ్లి, ఒక డాక్టరు కలిసి అందులోంచి 4,000 తీయించాయి. మూడో నెల ఖర్చుల పుస్తకంలో దశమభాగం పక్కన "వచ్చే నెల" అని ఉంది. అప్పు బిగిసినప్పుడు మొదట ఆగేది దేవునికిచ్చేదేనని ఆ గడి చూపించింది. నాకు అంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు.

అయినా సలహా అడిగాను, ఎందుకంటే సామెతలు 18:17 ప్రకారం మొదట మాట్లాడినవాడి వాదనే న్యాయంగా కనిపిస్తుంది, ఆ మొదటివాడిని నేనే కావచ్చు. ఈ కొనుగోలు వల్ల లాభం లేనివాళ్లనే ఎంచుకున్నాను: ఇంటి లోను పూర్తిగా తీర్చేసిన ఒకాయన, ఒక సంఘ పెద్ద, ఒక లాయరు. ముగ్గురికీ ఒకే కాగితం, విడివిడిగా. పాస్టర్‌గారిని ధర గురించి అడగలేదు, "ఈ కోరికలో పోటీ ఉందా, అవసరం ఉందా?" అని అడిగాను. భార్యాభర్తలం మేమిద్దరం చెరో కాగితం మీద రాసుకున్న తర్వాతే ఒకరిది ఒకరం చదివాం. ముందే మాట్లాడుకుంటే గట్టిగా చెప్పినవాళ్ల అభిప్రాయమే ఇద్దరిదీ అయిపోతుంది.

లాయరు 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల క్రయపత్రాలు), మంజూరైన ప్లాను అడిగారు. "అమ్మేది మన సంఘంలో మనిషే కదా" అని ఇవి వదిలేయడం నాకు బాధ కలిగించే అలవాటు. అబ్రాహాము తన భార్యను సమాధి చేయడానికి మక్పేలా గుహను ఉచితంగా ఇస్తామన్నా అందరి ముందు 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. యిర్మీయా 17 తులాలకు పొలం కొన్నప్పుడు సాక్షులతో సంతకాలు పెట్టించి, పత్రాలను మంటికుండలో భద్రపరిపించాడు.

"ఈరోజే టోకెన్ అడ్వాన్సు ఇవ్వకపోతే పోతుంది" అన్నప్పుడు ఇవ్వలేదు. లోను రాకపోయినా, పత్రాలు సరిగా లేకపోయినా డబ్బు వాపసు అని రాతపూర్వకంగా అడిగితే, రాసివ్వలేదు. ఉపవాస ప్రార్థన ముగిసిన రాత్రి, స్తుతి ఆరాధన ఉత్సాహంలో, నిద్రలేని రోజున నిర్ణయం తీసుకోకూడదని ముందే రాసుకున్నాం. మనసులోని శాంతిని తూచడానికి ఉదయం, రాత్రి ఒక్క మాట రాశాను. లెక్కను దాచిన రోజుల్లో ఉత్సాహం ఉంది, ఇంట్లో అందరికీ చూపించిన రోజుల్లో నెమ్మది ఉంది. నేను నమ్మింది రెండోదాన్నే.

జవాబు "ఇప్పుడు కాదు." దాని కిందే, ప్రశ్న మళ్లీ ఎప్పుడు తెరవాలో రాశాం: అప్పు 22 లక్షలు దాటకూడదు, అంటే ఈఎంఐ సుమారు 19,800. ఫ్లాటు 42 లక్షల లోపు ఉండాలి. రిజిస్ట్రేషన్, వుడ్‌వర్క్ డబ్బు ముందే చేతిలో ఉండాలి. 15,500 ఆ ఖాతాలోకి వెళ్తూనే ఉంది, దశమభాగం తీసిన తర్వాత.