ఒంటి ఎక్స్‌కు అంత ఒళ్లెక్కడిది?

డ్రోసోఫిలా (పండ్ల ఈగ) మగ లార్వా లాలాజల గ్రంథి స్లైడ్ సరిగ్గా కుదిరితే చాలు, పాఠం అక్కడే కనిపిస్తుంది. ఆడదానికి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగదానికి ఒక్కటే. అయినా వదులుగా, పాలిపోయి, జంటగా ఉన్న మిగతా క్రోమోజోముల వెడల్పుకు దాదాపు సరితూగుతుంది.

కుదరడమే కష్టం. సీసాలో లార్వాలు కిక్కిరిస్తే క్రోమోజోములు సన్నబడతాయి. తక్కువ గుడ్లు, ఎక్కువ ఈస్టు, 18 డిగ్రీలు. గోడెక్కిన మూడో దశ లార్వాలే తీసుకోవాలి. వెనక భాగంలో కొవ్వు మధ్య పారదర్శకంగా పెద్ద గుండ్రని మచ్చలుంటే మగది. 0.7 శాతం ఉప్పునీటిలో గ్రంథి తీసి, అంటుకున్న కొవ్వు వదిలించి, 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కాసేపు ఉంచి, ఆర్సీన్ రంగు పట్టించాలి. బొటనవేలితో నిటారుగా నొక్కాలి. కవర్ స్లిప్ పక్కకు జరిగిందా, అంతా ముద్దే!

ఈ వెడల్పు వెనక, మగ ఎక్స్‌పై పనిచేసేది ఎమ్మెస్సెల్ సముదాయం: ఐదు ప్రొటీన్లు, రాక్స్ అనే రెండు ఆర్‌ఎన్‌ఏలు. అందులోని మాఫ్ ఎంజైము డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ హెచ్4 ప్రొటీన్‌లో 16వ స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి ఎసిటైల్ గుంపు తగిలిస్తుంది. క్రోమాటిన్ (డీఎన్‌ఏ, ప్రొటీన్ల పోగు) వదులై, జన్యువుల పని సుమారు రెట్టింపవుతుంది. ఆడవాటిలో ఎస్‌ఎక్స్‌ఎల్ ప్రొటీన్ ఆ ఐదింటిలో ఒకటైన ఎమ్మెస్సెల్-2 తయారీనే ఆపేస్తుంది. మన ఆడవారిలోలా రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేయడం ఈగకు తెలియదు.

1965లో శాస్త్రవేత్తలు ముఖర్జీ, బీర్మన్ ట్రిషియం యూరిడిన్‌తో (రేడియోధార్మిక గుర్తు పెట్టిన ఆర్‌ఎన్‌ఏ ముడిసరుకు) చూపింది ఇదే: మగ ఒంటి ఎక్స్ చేసే ఆర్‌ఎన్‌ఏ, ఆడ జంట చేసేదానికి దాదాపు సమానం.