చిన్న అద్దం తీసేసిన శనివారం

అక్టోబరు వచ్చినా టెక్సస్‌లో ఎండ మాత్రం తగ్గలేదు. పొద్దున్నే పక్కింటి పెద్దాయన గరాజ్ తలుపు పైకి లేచిన చప్పుడు వినపడగానే మా ఆవిడ "వెళ్లండి, మీ బండి పిలుస్తోంది" అంది. అది నా బండి కాదు, ఆయనది. కానీ ఈ ఏడాది నేను దాని కింద పడుకున్నంతసేపు మా ఇంట్లో సోఫా మీద కూడా పడుకుని ఉండను.

1970 నాటి షెవర్లే సీ10 పికప్ అది. పెద్దాయన వాళ్ల నాన్న కొన్నది. 350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను, తెలుపూ లేత నీలం రంగులు. 1967 నుంచి 72 దాకా వచ్చిన ఈ వరస బండ్లంటే ఇక్కడివాళ్లకి వల్లమాలిన ప్రేమ. దీని తలుపుల్లో ముందు మూలన ఒక నిలువు కడ్డీ, దానికి అవతల ఇంచుమించు ముక్కోణంగా ఒక చిన్న అద్దం ఉంటాయి. గొళ్లెం తిప్పి తోస్తే ఆ అద్దం తిరిగి తెరుచుకుంటుంది. మన అంబాసిడర్‌కీ పద్మినికీ ముందు తలుపుల్లో ఉండేదే. ఆ చిన్న అద్దాన్నీ, ఫ్రేమునీ, కడ్డీనీ తీసేసి తలుపు మొత్తానికి ఒకటే అద్దం వేయాలని ఆయన చాలాకాలంగా అనుకుంటున్నారు. మొన్న కిట్ వచ్చింది.

ఆయన బాధలు ఆయనవి. వేసవిలో బండికి ఏసీ పెట్టించారు. చిన్న అద్దం చుట్టూ రబ్బరు ఎండకి గట్టిపడి పగుళ్లిచ్చింది, చల్లగాలి అటునుంచి అటే పోతోంది. హైవే ఎక్కితే ఈల, వాన పడితే మోకాలి మీద చుక్కలు. పాతరోజుల్లో దొంగలు ముందు ఈ గొళ్లేన్నే ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి తలుపు తీసేవాళ్లట. కొత్త రబ్బర్లు దొరుకుతాయి కదా అన్నాను. వాటిని ఆ ఫ్రేములో కూర్చోబెట్టేసరికి వేళ్లు ఉండవు అన్నారు. అదీ నిజమే.

నాకు మాత్రం ఆ చిన్న అద్దమంటే ఇష్టం. అది సోకు కోసం పెట్టింది కాదు. జనరల్ మోటార్స్ తన కార్లకి బాడీలు కట్టే ఫిషర్ విభాగం చేత దీన్ని 1933 మోడళ్లలో పెట్టించింది. కొద్దిగా తెరిచి ఉంచితే, పక్కనుంచి దూసుకుపోయే గాలి దాని వెనక అంచు దగ్గర పీడనం తగ్గించి లోపలి వేడినీ సిగరెట్ పొగనీ బయటికి లాగేస్తుంది. ఇంకా తిప్పి గాలికి ఎదురుగా నిలబెడితే అదే అద్దం గాలిని పట్టి లోపలికి తోస్తుంది. మోటారు లేదు, వైరు లేదు. డాష్‌బోర్డులోంచి గాలి వచ్చే ఏర్పాట్లు, ఏసీలు మామూలయ్యాక దీని అవసరం తీరిపోయింది. 1968 కమారో కారుకి వచ్చేసరికి షెవర్లేయే దాన్ని తీసేసి, ఆస్ట్రో వెంటిలేషన్ అని పేరు పెట్టి అమ్ముకుంది. పికప్‌లో పనివాళ్లు తిరుగుతారు, వాళ్లకి ఏసీ ఎందుకులే అనుకున్నారో ఏమో, వీటిలో మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచారు.

డ్రైవర్ వైపు తలుపుతో మొదలుపెట్టాం. అద్దం దింపే హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న క్లిప్ ఉంటుంది. దాన్ని తోయడానికి వేరే పనిముట్టు ఉంది, ఆయన దగ్గరా ఉంది, కానీ ఎప్పటిలాగే కనపడలేదు. పాత గుడ్డని హ్యాండిల్ వెనక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్ టింగుమని ఎగిరి ఎక్కడో పడింది. తర్వాత చేతిని ఆనించే ప్యాడ్, లోపలి రేకు మూత ఊడదీశాం. పెద్ద అద్దాన్ని పూర్తిగా కిందికి దింపి, తలుపు ముందంచున ఉన్న స్క్రూలూ కడ్డీ అడుగున ఉన్న బోల్టూ తీశాం. స్క్రూలకి నిన్న రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టారు కాబట్టి తలలు అరగలేదు. పెద్ద అద్దాన్ని కొంచెం వెనక్కి జరిపి, చిన్న అద్దం ఫ్రేముని అడ్డంగా తిప్పి పైకి లాగితే వచ్చేసింది. యాభై ఏళ్లకి పైగా ఉన్నచోటు నుంచి ఇంత సులువుగా వస్తుందనుకోలేదు.

అప్పుడే విజయవాడ నుంచి బావ ఫోను. ఆటోనగర్‌లో లారీ బాడీల పని ఆయనది, అక్కడ అప్పటికి రాత్రయింది. వీడియోలో తలుపు చూపించాను.

"ఏం బావా, అమెరికా వెళ్లి కూడా టింకరింగ్ పనేనా?"

"సరదా బావా. చిన్న అద్దం తీసేసి ఒకటే అద్దం వేస్తున్నాం."

"బాగున్నదాన్ని పీకడమెందుకయ్యా? ఎండాకాలం అంబాసిడర్‌లో వెళ్తుంటే మొహానికి గాలి కొట్టేది అదొక్కటే కదా."

ఏసీ పెట్టించారని చెప్పాను. "అయితే సరేలే" అన్నాడు కానీ, ఆయన మొహం ఒప్పుకోలేదు. ఫోను పెట్టేముందు ఒక్క మాట అన్నాడు: "రెండు ఛానెళ్లూ సమానంగా ఉన్నాయా లేదా అన్నదే చూసుకో. మిగతాదంతా స్క్రూలే."

ఛానెల్ అంటే అద్దం అంచు పైకీ కిందికీ జారే గాడి. మిగతా రోజంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. పాత అద్దం వెడల్పు తక్కువ. దాన్ని పైకి లేపే రెగ్యులేటర్ చెయ్యి దాని బరువుకి తగ్గ చోట పట్టుకునేది. కొత్త అద్దం ముందుకి సాగింది, బరువూ ముందుకే సాగింది, కానీ లేపే చెయ్యి తలుపులో ఉన్నచోటే ఉంది. అందుకే ముందు ఛానెల్‌కీ వెనక ఛానెల్‌కీ మధ్య దూరం పైనా కిందా ఒకేలా లేకపోతే అద్దం ముందుకి వాలి సగంలో బిగుసుకుంటుంది. కిట్‌లో అద్దం అడుగున వచ్చే పట్టీని, లేపే చెయ్యి చివరి చక్రం సరైన చోట దొర్లేలా చేశారు, అది మెచ్చుకోవాల్సిందే. ముందు ఛానెల్‌ని పైన బిగించి, కింది బ్రాకెట్ వదులుగా ఉంచి, అద్దాన్ని ఎక్కించి దించి, ఎక్కడ పట్టేస్తోందో చూసి, కిందని ఒక నూలు జరిపి, మళ్లీ ఎక్కించి దించి... పెద్దాయన హ్యాండిల్ తిప్పుతుంటే నేను కిందికి వంగి టార్చ్ పట్టుకోవడం. ఆయన ఓపిక చూస్తే నాకు ముచ్చటేసింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ బిల్డ్ ఒక్కసారి ఫెయిలయితేనే మేమంతా టెన్షన్ పడిపోతాం.

అద్దం కొంచెం పెద్దదైతే గీకేద్దాంలే అనుకోవడానికి వీల్లేదు. ఇది టెంపర్డ్ గ్లాస్. 600 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, మీద చల్లగాలి కొట్టి గట్టిపరుస్తారు. పైపొర నొక్కుకుపోయి, లోపల లాగుతూ ఉంటుంది. అంచు కోయబోతే మొత్తం గింజలు గింజలుగా రాలిపోతుంది. అందుకే పెట్టె విప్పగానే అద్దం మూలన ఏఎస్ 2 గుర్తు ఉందా లేదా చూశాను. పక్క కిటికీలకి వాడదగిన అద్దం అని దాని అర్థం. విండ్‌షీల్డుకైతే ఏఎస్ 1 ఉండాలి.

మధ్యాహ్నం మా ఆవిడ పులిహోర పంపింది. పెద్దాయనకి ఎండుమిరపకాయలు తీసి పక్కన పెట్టడం ఇప్పుడు బాగా అలవాటైంది.

తిన్నాక తలుపు అంచున అద్దాన్ని తుడిచే కొత్త రబ్బరు పట్టీలు బిగించి, హోస్‌తో నీళ్లు కొట్టి చూశాం. లోపలికి చుక్క రాలేదు. కానీ తలుపు కింద నీళ్లు కారకపోవడం చూసి నాకు అనుమానం వచ్చింది. అద్దం పక్కనుంచి తలుపు కడుపులోకి ఎంతో కొంత నీరు దిగడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి అది బయటికి పోవాలి. తీగ పెట్టి పొడిస్తే మట్టి, ఆకులు, ఎప్పటిదో ఒక నాణెం బయటపడ్డాయి. సీ10 తలుపులు లోపలినుంచే తుప్పు పట్టడానికి సగం కారణం ఇదే. నన్నడిగితే అద్దం మార్చినా మార్చకపోయినా ఈ రంధ్రాలు శుభ్రం చేసుకోవడం ముఖ్యం.

సాయంత్రం ఒక చుట్టు వేసొచ్చాం. కడ్డీ లేకపోవడంతో మిర్రర్ నిండుగా కనపడుతోంది, అది ఒప్పుకోవాలి. ఎడమవైపు ఈల ఆగింది. నేను కూర్చున్న కుడివైపు తలుపు ఇంకా పాతదే. నా చిన్న అద్దం తెరిస్తే ఏసీ గాలంతా పోతోందని పెద్దాయన కసిరారు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. తీసిన ఫ్రేముని వచ్చే వసంతంలో ఫోర్ట్‌వర్త్ దగ్గర జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత బండి సామాన్ల సంతలో అమ్మేస్తానన్నారు. ఈ కిట్ కోసం తలుపుని ఎక్కడా కోయలేదు, వెల్డింగ్ చెయ్యలేదు. రేపు ఎవరైనా బండిని మళ్లీ పాతలాగా చేయాలనుకుంటే ఈ ఫ్రేము ఉంటే చాలు. ఆ ఎవరైనా వాళ్ల మనవడే కావచ్చు అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "అయితే మీ గరాజ్‌లో పెట్టుకో" అన్నారు. మా గరాజ్‌లో చోటెక్కడుందని మా ఆవిడ గుమ్మంలోంచే అడిగింది. చివరికి ఫ్రేముకి గ్రీజు రాసి, పాత దుప్పట్లో చుట్టి, వాళ్ల అటక మీదే పెట్టాం. కుడి తలుపు వచ్చే శనివారం.