ఇండియా చైనా బార్డర్ టాపిక్ 1962 నుంచి మొదలుపెట్టొద్దు ఫ్రెండ్స్

నేను తిరుపతిలో రూమ్ తీసుకుని రెండేళ్లుగా చదువుకుంటా ఉండా, పగలంతా ఎస్వీయూ లైబ్రరీలోనే. సివిల్స్ మెయిన్స్ కోసం రాసిన మొదటి టెస్ట్‌లో ఇండియా చైనా సరిహద్దు గొడవకి చారిత్రక మూలాలు రాయమంటే 1962 యుద్ధంతో ఎత్తుకుని ఈ మధ్య సరిహద్దు గొడవలు జరిగిన డోక్లాం, గల్వాన్ దాకా రాసేసినా, 10కి 3 మార్కులు. "ఇవి సంఘటనలు, మూలాలు యాడున్నాయి?" అని దిద్దినాయన పక్కన రాసినారు. చానా బాధేసింది, కానీ ఆయన అన్నది నిజమే.

ఆ వారమే పుత్తూరు దగ్గర మా ఊరికి పోతే మా చేను గట్టు తగాదా నడస్తా ఉంది. సర్వేయర్ ఎఫ్‌ఎమ్‌బీ (పొలం కొలతల పుస్తకం) పట్టుకుని కొలుస్తా ఉంటే మా నాయన ఒక పాత కాయితం చూపిస్తాడు, పక్క చేనాయన ఇంకోటి చూపిస్తాడు, హద్దురాళ్లు మాత్రం ఎవురూ నాటలా. లడాఖ్ పక్కన రెండు దేశాలూ మాదే అనే అక్సాయ్ చిన్ గొడవ నాకు అర్థమైంది అక్కడే.

చూడండి, 1865లో బ్రిటిష్ సర్వేయర్ జాన్సన్ గీసిన గీతలో అక్సాయ్ చిన్ కాశ్మీర్ వైపు ఉంది, 1899లో బ్రిటిష్ వాళ్లే ఇంకో గీత ప్రపోజ్ చేస్తే అందులో చానా భాగం చైనా వైపు పోయింది, దానికి చైనా జవాబే ఇయ్యలేదు. తూర్పున 1914 సిమ్లా సమావేశంలో ఇండియా టిబెట్ మధ్య హద్దుగా గీసిన మెక్‌మహన్ లైన్‌కి టిబెట్ ఒప్పుకుంది, చైనా ప్రతినిధి ముసాయిదా మీద పొట్టి సంతకం పెట్టినా వాళ్ల ప్రభుత్వం కాదనేసింది. టిబెట్‌కి సొంతంగా సంతకం పెట్టే హక్కుందా లేదా అన్నదే అసలు తగాదా, ఈ వాక్యం తప్పకుండా రాయండి.

తర్వాత 1947లో మన స్వాతంత్ర్యం, 1949లో కమ్యూనిస్టు చైనా. రెండూ కొత్తగా నిలబడిన దేశాలు, వలస పాలకుల చేతిలో నలిగినవే, ఒక అంగుళం వదిలినా జనానికి జవాబు చెప్పుకోవాల. 1950 నాటి మన మ్యాపుల్లో కూడా పశ్చిమాన "హద్దు నిర్ణయం కాలేదు" అనే ఉండేది, 1954లో నెహ్రూ దాన్ని తీసేయించి ఖరారు గీత వేయించినారు. 1957కల్లా చైనా అక్సాయ్ చిన్ మీదుగా షిన్‌జియాంగ్ టిబెట్ రోడ్డు పూర్తిచేసింది. 1959లో దలైలామా ఇక్కడికి రావడం, 1960లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఢిల్లీ చర్చలు తెగకపోవడం, ఆ తర్వాతే 1962.

రోజూ ఖాళీ మ్యాప్ మీద ఈ గీతలన్నీ చేత్తో గీయండి, నాకైతే అదే పనిచేసింది. మిడిల్ సెక్టార్ (హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు హద్దు) ఇంకా సరిగ్గా చదవలా, 1954లో ఇండియా చైనా పంచశీల ఒప్పందం అయి మూడు నెలలు కాకముందే ఉత్తరాఖండ్ వైపున్న బారాహోతి మీద చైనా ఎందుకు అభ్యంతరం చెప్పిందో ఇప్పుడు అదే చూస్తా ఉండా.