తాటిచెట్టు తెర: అద్దకం మీద నా కుట్టు

గోడకు వేలాడదీసే తెర ఒకటి చేయాలని చాన్నాళ్లుగా ఉంది. అందులో అద్దకం, మిషన్ కుట్టు, చేతి ఎంబ్రాయిడరీ మూడూ ఉండాలి. బొమ్మేమో తాటిచెట్టు. ఒకప్పుడు బందరు రేవులో ఓడలెక్కిన కలంకారీ దుప్పట్ల మీద జీవవృక్షాలుండేవి. వాటి మోజు తట్టుకోలేకే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో అద్దకం గుడ్డల మీద నిషేధాలు పెట్టాయి. ఆ జీవవృక్షాలకు ఎక్కడా లేని పూలు పూస్తాయి. నాకు చేలగట్టు మీది చెట్టే కావాలి.

అచ్చులున్న చోటికే వెళ్దామని బందరు దగ్గరి పెడన వెళ్లాను. అక్కడ ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగూ, రసాయన రంగులూ బాగానే కనిపిస్తాయి. చెక్క అచ్చులతో, కరక్కాయతో పనిచేసే ఒక షెడ్డులో చోటు దొరికింది.

పని వరస తేల్చుకోవడానికే చాలా ఆలోచించాను. ఎంబ్రాయిడరీ దారాన్ని రంగు నీళ్లలో ఉడికిస్తే ఉన్న రంగు వదులుతుంది, మెరుపూ పోతుంది. కాబట్టి నీళ్లతో, మంటతో చేసే పనులు ముందు, దారం పని తర్వాత. ఒక్క కాండం విషయంలో మాత్రం కుట్టే ముందు నడిచింది.

తాటి కాండానికి అడ్డంగా ఉండే గణుపు గీతల్ని సూదితో ఒక్కొక్కటీ తీయడం నాకు ఇష్టం లేదు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డకు మిషన్ మీద సన్నటి మడతలు వరసగా కుట్టి తీసుకెళ్లాను. అద్దకం బాబాయి గారు దాన్ని వేలితో తడిమి చూశారు.

"మడతల మీద అచ్చు సరిగా కూర్చోదమ్మా."

"ఎగుడుదిగుడుగా పడినా ఫర్వాలేదు బాబాయి గారూ, నాకు అదే కావాలి."

ఆయన నవ్వి, బల్ల మీద గోనె మరో పొర పరిచారు. నల్లరంగు అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసినదే. లేత పసుపు గుడ్డ మీద అచ్చు పడగానే కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి గీత నల్లబడింది. ఆరాక కుట్లు విప్పేశాను. మడతల లోపల దాగిన చోటల్లా రంగు తగలని సన్నటి పట్టీలు. నల్లటి కాండానికి గణుపులు వాటంతటవే వచ్చేశాయి. పక్క బల్ల మీద పనిచేస్తున్న ఆవిడ కూడా లేచి వచ్చి చూసింది.

కాయలకు గుండ్రటి బుటా అచ్చుతో పటిక ముద్ద అద్దాం. పటికకు సొంత రంగు ఉండదు. ఎక్కడ పడిందో కనబడటానికే అందులో కాస్త రంగు కలుపుతారు. ఉతికాక చూస్తే గుడ్డ మీద ఏమీ లేనట్టే ఉంది. మంజిష్ఠ, జాజి ఆకు వేసిన డేగిసాలో కర్రతో తిప్పుతూ ఉడికిస్తే, పటిక పడిన చోటల్లా ఎరుపు తేలింది. ఆ షెడ్డులో ఉన్నంతసేపట్లో నా చూపు అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచింది ఆ డేగిసా మీదే.

ఇంటికొచ్చాక పని తీరే వేరు. కాండాన్ని కత్తిరించి, అంచులు లోపలికి మడిచి తెరకు అడుగున ఉండే గుడ్డ మీద పెట్టి, ముందు టాకాలు వేసుకున్నాను. వెనక పాత నూలు చీర రెండు పొరలు, బొంతకు వేసినట్టే. అంచుల దగ్గర మందం ఎక్కువ కాబట్టి 16 నంబరు సూది వేసి, మోటారు ఆపి చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాను.

ఆకులకు కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్). ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి. మట్ట మొదట్లో ఆరూ ఉంచి, చివరికి వచ్చేసరికి రెండుకు తగ్గించాను. తాటాకు చివర చీలి సన్నబడినట్టు రావాలంటే అంతకన్నా తేలిక దారి నాకు తెలియదు. నల్లగా అద్దిన చోట మాత్రం దట్టమైన కుట్టు వేయలేదు. పాత కలంకారీల్లో ముందు చివికిపోయేది ఇనుప నలుపు గీతలే. అక్కడ సూది గుచ్చేకొద్దీ బలం ఇంకా తగ్గుతుంది. దారాన్ని పైన పరిచి, అక్కడక్కడా చిన్న కుట్టుతో పట్టించి వదిలేశాను.

కర్ర దూర్చడానికి వెనక పైన గొట్టంలా పట్టీ కుట్టి, ఎండ తగలని గోడకు తగిలించాను. ఇప్పుడు తాటిమట్ట అచ్చు ఒకటి టేకు చెక్క మీద చెక్కించుకుంటున్నాను. వానలు తగ్గి గుడ్డ ఆరే ఎండలు వచ్చాక మళ్లీ పెడన వెళ్లాలి.