చౌతారాలో మలేషియా కాల్

2015 మే మొదటి వారం. ఖాఠ్మండు నుంచి ధులిఖేల్ మీదుగా, ఇంద్రావతి వచ్చి సున్‌కోశీలో కలిసే దోలాల్‌ఘాట్ దాకా ప్రయాణం ఫర్వాలేదు. అక్కణ్ణుంచి కొండెక్కుతుంటే మాటలు ఆగిపోయాయి. ఏప్రిల్ 25 భూకంపంలో ఈ సింధుపాల్‌చోక్ జిల్లాలోనే మూడున్నర వేల మంది పోయారు. జిల్లా కేంద్రం చౌతారా బజారులో ఇళ్లు వీధి మీదికి ఒరిగి ఉన్నాయి.

నా పని సహాయ బృందానికి నెట్ పెట్టడం. నా దగ్గరున్నది లాప్‌టాప్ అంత బీగ్యాన్ టెర్మినల్, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా నెట్ అందుకునే పెట్టె. దాన్ని హైదరాబాద్ నుంచి తీసుకెళ్లలేదు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్లు మన దగ్గర దొరికితే కేసే. ఖాఠ్మండులోనే అందుకున్నాను. దక్షిణం వైపు తిప్పి, బీప్ శబ్దం మారేదాకా అటూ ఇటూ జరపాలి. 36 వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం దొరికాక వచ్చేది మహా అయితే అర మెగాబిట్ వేగం. బిల్లు మాత్రం ఎంబీల లెక్కన, డాలర్లలో.

మొదటి రాత్రే నా పరువు పోయింది. నేను నిద్రపోతుంటే లాప్‌టాప్ తనంతట తానే అప్‌డేట్ దించుకుంది! పొద్దున బిల్లు చూసి అందరికీ టెన్షన్. ఆ తర్వాత ఈమెయిల్, సర్వే ఫారాలు తప్ప అన్నీ బ్లాక్ చేశాను.

ఆ ఫారాల్లోనే అసలు సంగతి ఉంది. అమ్మానాన్నలు పోయి టార్పాలిన్ కింద ఒంటరిగా పడుకుంటున్న ఆడపిల్లల పేర్లు, వయసులు, ఊళ్లు. ఈ జిల్లా నుంచి ఆడపిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మేసే ముఠాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ జాబితా వాళ్ల చేతికి చిక్కితే మేమే దారి చూపించినట్టు. అందుకే పంపేది దారిలో ఎవరూ చదవకుండా వీపీఎన్, లాప్‌టాప్ ఎవరి చేతికి చిక్కినా చదవలేకుండా డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్, వైఫై పాస్‌వర్డ్ రోజూ మార్చడం.

కానీ పాస్‌వర్డ్ అడగడానికి వచ్చేవాళ్లు ముఠావాళ్లు కాదు, గల్ఫ్‌లోనో మలేషియాలోనో కొడుకులున్న తల్లులు. నాది జగిత్యాల వైపు. మా వాడకట్టులో ఇంటికొకరు దుబాయ్‌లో ఉంటారు. కాదనడానికి నోరు రాలేదు. మా పని నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఇంకోటి పెట్టి, సాయంత్రం అరగంట ఇచ్చేలా ఒప్పించాను.

మొదట వచ్చిన ముసలమ్మ నన్ను "బాబూ" అంది. నేపాలీలోనూ బాబు అంటే బాబే. మలేషియాలో కొడుకు ఫోనెత్తాడు. ఆమె హలో అంది. మాట పైకి వెళ్లి రావడానికి దాదాపు సెకను పడుతుంది. ఆ సెకనులోనే కంగారుపడి మళ్లీ హలో, మళ్లీ హలో. ఆగమన్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు వినిపించింది, "ఆమా?" అని.